ముప్పావు లీటరు కాపలా

విజయవాడలో మా వీధి చివర ఒక స్కూటర్ మెకానిక్ షెడ్డు ఉంది. రేకుల కప్పు, ముందు వేపచెట్టు, ఆ నీడన వరసగా నిలబెట్టిన బండ్లు. ఆయిల్ మార్చమని ఎవరు వచ్చినా అక్కడి మేస్త్రి ముందుగా స్పానర్ అందుకోరు. "రోజూ ఎంత దూరం తిరుగుతుంది బాబూ? ఒక్క పరుగునా, ముక్కలు ముక్కలుగానా? వెనకాల బరువేమైనా ఉంటుందా?" అని అడుగుతారు. మీటరులో కిలోమీటర్లు చూసేది ఆ తర్వాతే. పన్నెండేళ్లుగా నా బండి ఆయన చేతి మీదే నడుస్తోంది. ఆయన పనితనమంతా ఆ ప్రశ్నల్లోనే ఉందని తెలియడానికి మాత్రం నాకు చాలాకాలం పట్టింది.

ఆయిల్ మార్చడం మెకానిక్ పనుల్లో అన్నిటికన్నా చిన్నదని లోకం లెక్క. బోల్టు విప్పి పాతది దించడం, బోల్టు బిగించి కొత్తది పోయడం, అంతే కదా అనుకుంటాం. పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదట అప్పగించేది కూడా ఇదే. కానీ ఒక ఇంజన్ పదిహేనేళ్లు నడుస్తుందా, నాలుగేళ్లకే బోరింగ్‌కి వస్తుందా అన్నది చాలావరకు ఈ చిన్న పని దగ్గరే తేలిపోతుంది. అందుకే దీన్ని దగ్గరగా కూర్చుని చూడాలి.

మేస్త్రి పని నేర్చుకున్నది బజాజ్ చేతక్, హైదరాబాద్ ఆల్విన్ వారి పుష్పక్ స్కూటర్లు తిరిగిన రోజుల్లో. అవి టూ-స్ట్రోక్ బండ్లు. వాటి ఇంజన్లో ఆయిల్ నిలవ ఉండేది కాదు. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపి పోయించేవాళ్లం. అది పిస్టన్‌ను తడిపి, పెట్రోలుతో పాటే కాలి, నీలం పొగై వెళ్లిపోయేది. గేర్‌బాక్సులో వేరే నూనె ఉండేది గాని, ఇంజన్ ఆయిల్ మార్చడమన్న మాటే అక్కడ లేదు. "అప్పుడు ప్రతి చుక్కా కొత్త చుక్కే మాస్టారూ. ఒకసారి పనిచేసి వెళ్లిపోయేది. ఇప్పటి బండిలో అదే నూనె నెలల తరబడి గొడ్డుచాకిరీ చెయ్యాలి. దాని కష్టసుఖాలు మనం చూసుకోవద్దూ?" అన్నారాయన ఒకసారి. ఫోర్-స్ట్రోక్ ఇంజన్ గురించి ఇంత సూటైన మాట నేను మరెక్కడా వినలేదు.

మన ఊళ్లలో అడుగడుగునా కనిపించే హోండా యాక్టివానే తీసుకుందాం. 110 సీసీ ఇంజన్, గేర్లు లేవు. ఆయిల్ మార్చినప్పుడు అందులోకి వెళ్లేది, మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూగా, ముప్పావు లీటరుకు మించదు. చిన్న కారులో మూడు లీటర్ల దాకా పడుతుంది. కారుకి ఆయిల్‌ను వడగట్టే కాగితపు ఫిల్టరు ఉంటుంది, ఇంజన్‌ను చల్లబరచడానికి నీళ్లూ రేడియేటరూ ఉంటాయి. ఈ బండిలో అవేవీ లేవు. వడగట్టడానికి ఒక లోహపు జాలీ, చల్లబరచడానికి, పిస్టన్ తిప్పే క్రాంకు చివర బిగించిన ఒక ఫ్యాను, మిగతా భారమంతా ఆ ముప్పావు లీటరు మీదే.

ఆ భారం ఎంతటిదో చూడండి. బండి మంచి వేగంలో ఉన్నప్పుడు క్రాంకు నిమిషానికి ఇంచుమించు 6,000 చుట్లు తిరుగుతుంది. అంటే పిస్టన్ సెకనుకు వందసార్లు పైకెళ్లి కిందికొస్తుంది. పిస్టన్‌కీ బోరు గోడకీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. పిస్టన్ తల మీద మంట ఒక్క క్షణం 2,000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకూ ఆ వేగానికీ మధ్య నిలబడేది తలవెంట్రుక మందం కూడా లేని నూనె పొర. లోహం లోహాన్ని తాకకుండా చూసేది అదే. పిస్టన్ అడుగున చిమ్ముకుని, అక్కడి వేడిని మోసుకొచ్చి కింది గది గోడలకు అప్పగించేదీ అదే. రింగుల దగ్గర సందు మూస్తుంది, మసిని తనలో కలుపుకుంటుంది, తుప్పు పట్టనివ్వదు. ఐదు పనులకు ఒక్కడే మనిషి అన్నట్టు.

ఈ నూనెకు పడే వేడి ఒకటుంది. సుమారుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య అనుకోవచ్చు. డబ్బా మీద 10డబ్ల్యు-30 అని రాసి ఉంటుంది కదా, అందులో 30 అన్న చిక్కదనాన్ని కొలిచేది సరిగ్గా 100 డిగ్రీల వేడి దగ్గరే. ముందున్న 10డబ్ల్యు చలికి సంబంధించిన మాట. డబ్ల్యు అంటే వింటర్. అంత చలి మన దగ్గర లేకపోయినా, పొద్దున్నే బండి స్టార్ట్ కాగానే ఆయిల్ పైన వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ దాకా త్వరగా ఎక్కాలంటే చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కగా ఉండకూడదు. 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు వచ్చేసరికి ఆరో వంతో ఏడో వంతో మాత్రమే మిగులుతుంది. ఇంకా కాగితే ఇంకా పలచబడుతుంది. అలా మరీ నీళ్లలా మారిపోకుండా పట్టి ఉంచడానికి ఆయిల్‌లో కొన్ని పదార్థాలు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు దారపుండల్లా ముడుచుకుని ఉంటాయి, వేడెక్కితే విచ్చుకుని నూనెకు పట్టునిస్తాయి. లక్షల చుట్ల ఒరిపిడిలో ఆ దారాలు తెగిపోతూ ఉంటాయి. ఆయిల్ పాతబడటమంటే ఒక అర్థం ఇది.

రెండో అర్థం బజ్జీల బండి దగ్గర కనిపిస్తుంది. సాయంత్రం మూకుట్లో పోసినప్పుడు నూనె తేనెరంగులో ఉంటుంది. బండి కట్టేసే వేళకు నల్లబడి, చిక్కబడి, మూకుడు అంచులకు జిగురు పట్టి ఉంటుంది. గాలి తగులుతూ కాగే నూనెకు ఆ గతి తప్పదు. ఇంజన్ ఆయిల్ కథా అదే. ప్రతి పది డిగ్రీల వేడికీ ఈ చెడు రెట్టింపు వేగంతో సాగుతుందని రసాయనశాస్త్రంలో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. ఆ లెక్కన 100 డిగ్రీల దగ్గర 100 గంటల్లో పడే అలసట 120 డిగ్రీల దగ్గర పాతిక గంటల్లోనే పడుతుంది. మే నెల మధ్యాహ్నం, ఇద్దరు ఎక్కి, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగుతూ, పచ్చలైటు పడగానే ఒక్క ఊపున లాగుతూ పోయే బండిలో ఆయిల్ ఎంత తొందరగా ముసలిదవుతుందో ఊహించుకోవచ్చు.

వేడి ఎక్కువైతేనే కాదు, చాలకపోయినా చేటే. ఇది చాలామంది గమనించరు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 900 మిల్లీలీటర్ల నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో చేరుతుంది, కాలని పెట్రోలు కూడా దానితో పాటే. ఆయిల్ బాగా వేడెక్కి కాసేపు ఆ వేడి మీద ఉంటే ఈ రెండూ ఆవిరైపోతాయి. రైతుబజారు దాకా ఒక కిలోమీటరు వెళ్లి ఆపి, చల్లారాక మళ్లీ కిలోమీటరు తిరిగి వచ్చే బండికి ఆ అవకాశమే రాదు. అలాంటి బండిలో ఆయిల్ మూత విప్పితే లోపలి వైపు మీగడలాంటి తెల్లటి నురగ కనిపిస్తుంది. మేస్త్రి అడిగే "ఒక్క పరుగునా, ముక్కలు ముక్కలుగానా" అన్న ప్రశ్న ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇక ఆయన పని చూద్దాం. మొన్న నా బండి వంతు.

ముందు సెంటర్ స్టాండ్ వేసి ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపారు. చల్లటి ఆయిల్ బద్ధకంగా దిగుతుంది, అడుగున పేరుకున్న మసి దానితో రాదు. అలాగని దూరం నుంచి వచ్చిన బండికి వెంటనే బోల్టు విప్పరు. సలసలమనే ఆయిల్ చేతిని కాలుస్తుంది. పైగా ఇంజన్ అడుగు భాగం అల్యూమినియం. బాగా కాగి ఉన్నప్పుడు ఇనుప బోల్టును బలవంతాన తిప్పితే దాని మరలు దెబ్బతింటాయి. ఇంజన్ పక్కన అరచెయ్యి తాకీ తాకకుండా పెట్టి, వేడి సరిపోయిందనుకున్నాకే కింద కూర్చున్నారు.

బోల్టు చుట్టూ ఉన్న మట్టిని మొదట బ్రష్‌తో, తర్వాత గుడ్డతో తుడిచారు. విప్పిన క్షణంలో ఒక్క ఇసుక రేణువు కూడా లోపలికి వెళ్లకూడదని ఆయన పట్టుదల. రింగ్ స్పానర్‌తో ఒక్క పట్టు వదులు చేసి, మిగతా చుట్లు వేళ్లతోనే తిప్పారు. చివరి మర దగ్గర బోల్టును లోపలికి నొక్కి పట్టి, ఒక్కసారిగా పక్కకు లాగారు. ఆయిల్ ధార సూటిగా డబ్బాలో పడింది, చేతిమీద చుక్క పడలేదు. ధార సన్నబడి చుక్కలుగా మారాక కూడా లేవలేదు. తాళం ఆపి నాలుగైదు కిక్కులు కొట్టారు. పంపులోనూ సందుల్లోనూ దాక్కున్నది కూడా దిగింది. బండిని అటూ ఇటూ కాస్త వంచారు. పది నిమిషాలు అలాగే వదిలేశారు. చాలా చోట్ల ఈ పది నిమిషాలే దొరకవు. లోపల మిగిలిన ప్రతి చెంచా పాత నూనె కొత్తదాన్ని ఆ రోజే పాడుచేయడం మొదలుపెడుతుంది.

ఆ ఖాళీలో ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గోడకు వేలాడుతున్న దిన క్యాలెండర్లోంచి నిన్నటి కాగితం చింపారు. పుల్లతో పాత ఆయిల్ ఒక చుక్క తీసి దాని మీద వేసి పక్కన పెట్టారు. కాసేపటికి చుక్క విచ్చుకుంది. మధ్యలో నలుపు, చుట్టూ బూడిదరంగు వలయం, అంచున లేత పసుపు. "మసి నడిమధ్య ముద్దగా ఆగిపోకుండా ఇలా పాకిందంటే, మోసే శక్తి నూనెలో ఇంకా ఉన్నట్టు. నల్లటి ముద్ద గట్టి అంచు కట్టి కూర్చుందంటే చేతులెత్తేసినట్టు" అన్నారు. అంచులు రంపపు పళ్లలా ఉంటే నీరు చేరిందని అనుమానిస్తారట. ఆయిల్ తయారీదార్లు ప్రయోగశాలల్లో చేసే చుక్క పరీక్షకూ దీనికీ సూత్రం ఒకటే.

రంగు చూసి తీర్పు చెప్పడం ఆయనకు నచ్చదు. "నల్లబడిందంటే పని చేసిందని అర్థం. వెయ్యి కిలోమీటర్లు తిరిగినా నల్లబడకపోతేనే అనుమానించాలి" అంటారు. నిజమే. మంచి ఆయిల్‌లో మసిని గోడలకు అంటనివ్వకుండా తనలో తేలుతూ ఉండేలా పట్టి ఉంచే పదార్థాలు ఉంటాయి. ఆయన చూసేది వేరే. పెట్రోలు వాసన వస్తే చిన్న చిన్న తిరుగుళ్లో, పెట్రోలు సరిగా కాలకపోవడమో అన్నమాట. మాడు వాసన వస్తే వేడి ఎక్కువైంది. ఎండలో తళుక్కుమనే పొడి కనిపిస్తే అయస్కాంతం తెస్తారు. అతుక్కుంటే ఇనుము, అతుక్కోకపోతే అల్యూమినియం. లోపల ఏ భాగం అరుగుతోందో అక్కడికి ఆరా మొదలవుతుంది. పోసిన దానికీ దిగిన దానికీ తేడా కూడా కొలుస్తారు. బాగా తగ్గితే బండి ఆయిల్ తాగుతోందన్నమాట.

రెండు మూడు మార్పులకు ఒకసారి జాలీ కూడా విప్పి, పెట్రోలుతో కడిగి, వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తారు. ఈసారి విప్పారు. అందులో జిగురు కట్టిన నలుసులు రెండే ఉన్నాయి. జాలీ మూసుకుపోతే పంపుకు నూనె అందదు, పైనున్న కామ్‌షాఫ్ట్ మొదట ఎండిపోతుంది.

బోల్టు బిగించేటప్పుడు కొత్త వాషర్ వేశారు. వేళ్లతో చివరిదాకా తిప్పి, స్పానర్‌తో ఒక పట్టు, మరో చిన్న పట్టు, ఆపేశారు. ఆ ఆపడంలో ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. ఒకప్పుడు వేరే ఊళ్లో, పేరు చెప్పడం అనవసరం, ఒక షెడ్డులో కుర్రాడు ఒంటికాలి మీద నిలబడి ఆ బోల్టు బిగించాడు. మరోసారి విప్పినప్పుడు బోల్టుతో పాటు అల్యూమినియం మరలు కూడా ఊడొచ్చాయి. మూడు వందల రూపాయల పని మూడు వేల రూపాయలకు చేరింది. బలం ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలుసు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే మేస్త్రి.

పోయడానికి డబ్బాను బోర్లించరు. గీతలున్న కొలపాత్రలోకి వంచి, ఆ బండికి కంపెనీ చెప్పినంతే పోస్తారు. "డబ్బాలో మిగిలింది వృథా కదా, పొయ్యండి" అనేవాళ్లు రోజూ ఉంటారు. ఆయన పోయరు. ఎక్కువైతే క్రాంకు ఆయిల్‌ను కవ్వంలా చిలుకుతుంది. చిలికితే నురగ, నురగలో గాలి. గాలి ఉన్న నూనె వేడిని మొయ్యలేదు, పొరగా నిలవలేదు. మిగిలిన పొంగు గాలిగొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్లోకి చేరుతుంది.

డబ్బా ఎంపికలోనూ ఆయనకు ఒక నియమం ఉంది. మోటార్ సైకిళ్లలో క్లచ్చు ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, అందుకే వాటికి జారని ఆయిల్ కావాలి. గేర్లు లేని స్కూటర్లో క్లచ్చు పొడిగా, బెల్టు పక్కన వేరే గదిలో ఉంటుంది. కనుక ఒరిపిడి తక్కువగా ఉండే ఆయిల్ వాడుకోవచ్చు. జపాన్ వారి జాసో ప్రమాణంలో మొదటిదాన్ని ఎంఏ అనీ రెండోదాన్ని ఎంబీ అనీ అంటారు. ఎంబీ ఆయిల్ మోటార్ సైకిల్లో పోస్తే క్లచ్చు జారుతుంది. ఎంఏ స్కూటర్లో పోస్తే పెద్ద ముప్పు లేదు, మైలేజీ కొంచెం తగ్గవచ్చు. సింథటిక్ ఆయిల్ వేడిని బాగా ఓర్చుకుంటుందని ఆయనా ఒప్పుకుంటారు. కానీ మసీ నీరూ దానిలోనూ చేరతాయి, కనుక ఖరీదైనది పోశాం కదా అని గడువు మర్చిపోకూడదంటారు.

అంతా అయ్యాక, ఎవరూ అడగని పని ఒకటి చేశారు. కుడివైపు ఫ్యాను కవరు జాలీకి పట్టిన దుమ్మును బ్రష్‌తో దులిపారు. సిలిండర్ మీది ప్లాస్టిక్ తొడుగుకు అన్ని స్క్రూలూ ఉన్నాయో లేదో వేలితో తడిమారు. ఫ్యాను గాలిని సిలిండర్ రెక్కల మీదికి మళ్లించేది ఆ తొడుగే. ఒక స్క్రూ ఊడి తొడుగు నోరు తెరిస్తే గాలి దారి తప్పుతుంది, ఆయిల్ వేడి పెరుగుతుంది. పత్తి మిల్లుల దగ్గర తిరిగే బండ్లలో దూది పోగులు ఈ రెక్కల మధ్య పరుపులా పేరుకుంటాయట. అలాంటి బండికి ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఫలితం ఉండదు. వెనక చక్రం దగ్గర గేరు గదిలో ఉండే 120 మిల్లీలీటర్ల నూనె సంగతి కూడా గుర్తుచేశారు. నేనెప్పుడూ మర్చిపోతాను, ఆయన ఎప్పుడూ మర్చిపోరు.

ఇంతకీ ఎన్నాళ్లకు మార్చాలి? ప్రతి బండికీ కంపెనీ పుస్తకం ఉంటుంది, అందులోని గడువే మొదటి ప్రమాణం. కొత్త బండికి మొదటి సర్వీసులోనే మార్చాలి, లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడేటప్పుడు రాలే లోహపు పొడి అందులో ఉంటుంది. ఆ తర్వాత పుస్తకంలో సాధారణ వాడకానికి ఒక గడువు చెప్పి, దుమ్ము, బరువు, ఎడతెగని ట్రాఫిక్ ఉంటే ముందే మార్చమంటారు. మేస్త్రి లెక్క ఆ రెండో మాట మీదే నడుస్తుంది. 3,000 కిలోమీటర్లను గంటకు 50 చొప్పున హైవే మీద వెళ్తే ఇంజన్ తిరిగేది 60 గంటలు. ఊళ్లో గంటకు 20 చొప్పున వెళ్తే 150 గంటలు. మీటరు రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. నూనె మాత్రం రెండున్నర రెట్లు ఎక్కువ పనిచేసి ఉంటుంది.

ఆయన దగ్గరికి వచ్చే మూడు బండ్లు చెబుతాను. ఒకటి ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాడిది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంజన్ చల్లారదు. ఆయిల్‌లో నీరు నిలవదు గాని వేడి దాన్ని తినేస్తుంది. ఎండాకాలంలో అతనికి పుస్తకం గడువు కన్నా ముందే మార్చేస్తారు. రెండోది పాల క్యాన్లు మోసే ఆయనది. దూరం తక్కువ, బరువు ఎక్కువ. అతనికీ ముందే. మూడోది రిటైరైన ఒక పెద్దాయనది. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగదు. "నా బండికి అప్పుడే ఎందుకయ్యా" అని ఆయన ఏటా అంటారు. మేస్త్రి మాటలేమీ చెప్పకుండా ఆయిల్ మూత విప్పి ఆ తెల్లటి నురగ చూపిస్తారు. కిలోమీటర్లు ఎన్నయినా ఏడాదికి ఒకసారి తప్పనిసరి, అంతకన్నా ముందే మార్చినా మంచిదే.

దించిన పాత ఆయిల్‌ను ఆయన కాలవలో పారబోయరు. పెద్ద డబ్బాలో నిలవ చేసి, కొనుక్కుపోయేవాళ్లకు ఇస్తారు. వాడిన ఆయిల్ మన దేశపు చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. నేలలోకీ కాలవలోకీ వెళ్తే కృష్ణా డెల్టా నీళ్లు తాగే మన అందరికీ అది తిరిగి చేరుతుంది.

పని మొత్తం ముప్పావు గంట. కూలి చాలా తక్కువ. ఆ డబ్బుకు ఆయన ఇచ్చింది ఒక డబ్బా ఆయిల్ మాత్రం కాదు. నా బండి ఏ వేడిలో, ఎంత బరువుతో, ఎంతసేపు పనిచేస్తోందో చదివి చెప్పిన ఒక నివేదిక. అలాంటి మేస్త్రి మీ వీధిలో ఉంటే ఆయన్ను తొందరపెట్టకండి. ఆ పది నిమిషాలు ధార ఆగేదాకా పక్కన కూర్చోండి.

మీ వంతు పని కూడా ఒకటుంది. ఈ ఆదివారం బండిని సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి. ఇంజన్‌ను నాలుగు నిమిషాలు నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగండి. ఆయిల్ గేజు తీసి గుడ్డతో తుడవండి. యాక్టివాలో అయితే మరలు తిప్పకుండా మళ్లీ లోపల ఆనించి తీసి చూడండి. మిగతా బండ్లకు పుస్తకంలో ఎలా ఉంటే అలా. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగిపోయి ఉంటే, ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో లెక్కపెట్టకుండా ఆ రోజే బండిని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లండి.